పొట్ట తగ్గించుకోవడానికి ఈఎంఐ వద్దు

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం. రెండు కాన్పుల తర్వాత పొట్ట జారిపోయింది, లైపోసక్షన్ (కొవ్వును గొట్టంతో పీల్చి తీసే ఆపరేషన్) చేయించుకోవాలని ఉంది. బ్యాంకులో మూడు నెలల జీతం దాచాను. దాంతో సగం కట్టేస్తాను, మిగతా సగానికి క్లినిక్ వాళ్ళే వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామంటున్నారు. కొవ్వు పోతే షుగర్, గుండె జబ్బు భయం తగ్గి, ముందు ముందు ఆస్పత్రి ఖర్చులు మిగులుతాయి కదా? నా లెక్క సరైనదేనా?

జవాబు: మీ శరీరం, మీ ఇష్టం. అందులో నేను వేలు పెట్టను. కానీ లెక్క మాత్రం తప్పు. సొంత కోరిక కోసం చేసే ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టుకుని అప్పు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే మీ ప్రశ్నకు కాస్త గట్టిగానే జవాబు చెబుతున్నాను.

ముందు ఆ ‘మిగిలే’ ఆస్పత్రి ఖర్చుల సంగతి. లైపోసక్షన్‌లో తీసేది చర్మం కిందున్న కొవ్వును. షుగర్‌కూ గుండె జబ్బుకూ ఎక్కువగా కారణమయ్యేది పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు. దాన్ని ఈ పద్ధతిలో తియ్యరు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు పొట్ట దగ్గర 9, 10 కిలోల దాకా కొవ్వు తీసి, రెండు మూడు నెలల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో, బీపీలో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. కాబట్టి ఆ పొదుపును మీ లెక్కలోంచి కొట్టేయండి.

రెండోది, మీరు రాసిన ‘జారిపోయింది’ అన్న మాట. సాగిన చర్మాన్ని లైపోసక్షన్ బిగించలేదు. కాన్పుల్లో ఎడంగా జరిగిన పొట్ట కండరాలను దగ్గరకు చేర్చలేదు. చర్మపు చారలూ పోవు. వీటికి టమ్మీ టక్ అనే వేరే ఆపరేషన్ ఉంది, దాని బిల్లు కూడా వేరే. బరువు నిలకడగా ఉండి, చర్మంలో బిగువు ఉన్నవాళ్ళకు నడుము పక్కల, తొడల దగ్గర, గడ్డం కింద మొండిగా మిగిలిన కొవ్వును తీసి ఆకారం సరిచేయడంలో లైపోసక్షన్ బాగా పనిచేస్తుంది. మీ సమస్య కొవ్వా, చర్మమా, కండరాలా అన్నది తేలకుండానే ఈఎంఐ దాకా వెళ్ళారు. చర్మం వదులైతే, కొవ్వు తీశాక పొట్ట ఇంకా వేలాడినట్టు కనిపించవచ్చు. అప్పుడు మొదటి అప్పు తీరకముందే రెండో ఆపరేషన్‌కు అప్పు వెతుక్కోవాలి. తీసేసిన కొవ్వు కణాలు తిరిగి రావు, నిజమే. కానీ బరువు పెరిగితే మిగిలిన కణాలు ఉబ్బుతాయి. అసలు ఆకారం తెలియడానికి వాపు పూర్తిగా తగ్గాలి, అందుకు కొన్ని నెలలు పడుతుంది.

ఇక నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం, ఆ మూడు నెలల జీతం. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అదే చాలదు. మీరు దాన్ని కూడా ఊడ్చేస్తున్నారు, అదీ సెలవు పెట్టి ఇంట్లో ఉండాల్సిన రోజుల్లో! ఇన్ఫెక్షన్, చర్మం కింద నీరు చేరడం, అరుదుగా రక్తం గడ్డకట్టడం లాంటివి ఈ ఆపరేషన్‌లో ఉన్న ప్రమాదాలే. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కు సాధారణంగా ఆరోగ్య బీమా వర్తించదు. దానివల్ల వచ్చిన ఇబ్బందులకూ క్లెయిమ్ తిరస్కరించే పాలసీలు ఉన్నాయి. అంటే ఏదైనా తేడా వస్తే మీకు దిక్కు ఆ దాచిన డబ్బే, అదే మీ అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చులు, వాయిదాలతో సహా, పక్కన ఉండేదాకా ఆపరేషన్ తేదీ తీసుకోకండి.

వడ్డీ లేని ఈఎంఐ అంటే కూడా అప్పే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, నగదు కడితే వచ్చే తగ్గింపు పోతుంది, ఒక్క వాయిదా తప్పితే జరిమానాలు మొదలవుతాయి. ఆపరేషన్ చేసే చోటే అప్పు కూడా ఇప్పిస్తుంటే, మీకది అవసరమా కాదా అని చెప్పేదెవరు? పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు, బంగారం తాకట్టు, ఏదీ వద్దు.

అత్యవసర నిధి నిండాక, ఆపరేషన్ కోసం విడిగా రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఈలోగా ఈ క్లినిక్‌తో సంబంధం లేని, అర్హతలున్న ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించుకోండి. మత్తుమందు, పరీక్షలు, ఆపరేషన్ తర్వాత వేసుకునే బిగుతు దుస్తులు, ఎగుడుదిగుడులు వస్తే మళ్ళీ సరిచేయడానికి అయ్యే ఖర్చు, అన్నీ కలిపిన మొత్తాన్ని కాగితం మీద రాయించుకోండి. మీరు కూడబెట్టాల్సింది ఆ మొత్తం.