ఎన్ని గంటలు నిలిచిందో అడిగావా?

తమ్ముడూ,

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే కొత్త ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా చర్యను సులువు చేసే పదార్థం, మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ ఆరాటం నచ్చింది, కానీ 'చవక ఉత్ప్రేరకంతో నీళ్ల నుంచి ఉచిత ఇంధనం' అని మొదట్లోనే రాసేశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్. మామూలు ఉష్ణోగ్రతలో నీటిని కరెంటుతో విడగొట్టాలంటే కనీసం 1.23 వోల్టులు పెట్టాల్సిందే, ఏ ఉత్ప్రేరకమూ దాన్ని తగ్గించలేదు. ఆ పైన అదనంగా ఖర్చయ్యే వోల్టేజీని తగ్గించడమే దాని పని. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం 39 యూనిట్ల పైచిలుకు కరెంటు చాలు, కానీ యంత్రాలు 50 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తాగుతాయి. ఆ తేడాలోంచి ఎంత మిగిల్చారన్నదే నువ్వు రాయాల్సింది.

ముందు ఒకసారి ల్యాబ్‌కు వెళ్లి దగ్గర నుంచి చూడు. అక్కడ వాడే నికెల్ ఫోమ్ అంటే స్పాంజిలా నిండా చిల్లులున్న బూడిదరంగు లోహపు ముక్క. పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణంలో ముంచి కరెంటిస్తే ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు అందులో సగం ఆక్సిజన్ బుడగలు కడతాయి. కొన్ని బుడగలు ఊడిరాక అక్కడే అంటుకుంటాయి, అవి కప్పినంత మేర ఆ ముక్క పని చేయనట్టే. అసలు తిప్పలు ఆక్సిజన్ వైపే, ఒక్కో అణువు పుట్టడానికి నాలుగు ఎలక్ట్రాన్లు కదలాలి.

తర్వాత, ఏ ద్రావణంలో పరీక్షించారో తప్పకుండా అడుగు. క్షారంలో నికెల్, ఇనుము జంట చక్కగా పనిచేస్తుంది. ద్రావణంలో మలినంగా ఉన్న కాస్త ఇనుము చేరినా నికెల్ పనితీరు పెరుగుతుందని 1987లోనే గమనించారు, నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. అదే ఆమ్లంలో అయితే నికెల్ కరిగిపోతుంది. అందుకే అక్కడ ఇంకా ఇరిడియం అనే అరుదైన లోహం మీదే ఆధారపడుతున్నారు, అదేమో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పది టన్నులు కూడా దొరకదు.

ఒకప్పుడు నేనూ ఒక కొత్త పదార్థం ఉత్ప్రేరకంగా ప్లాటినంతో సమానమని రాసేశాను. ఆ పరీక్షలో రెండో ఎలక్ట్రోడ్‌గా, అంటే కరెంటు అందించే రెండో కొసగా, ప్లాటినం తీగే పెట్టారని తర్వాత తెలిసింది. ఆ తీగ కొద్దికొద్దిగా కరిగి వచ్చి పరీక్షిస్తున్న పదార్థం మీద పేరుకోవచ్చు, అప్పుడు ఆ ఫలితం దేనిదో ఎలా చెప్తాం? అడగనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ప్లాటినం బదులు గ్రాఫైట్ పెట్టారా అని నువ్వు అడుగు.

ఎన్ని గంటలు నడిపారో కూడా అడుగు. ఇరవై నాలుగు గంటలు నిలబడితే ల్యాబ్‌లో సంతోషమే, ఫ్యాక్టరీలో మాత్రం పదుల వేల గంటలు నిలబడాలి. నీ వ్యాసంలో ఆ అంకె ఎక్కడా లేదు. అది కనుక్కుని, మూడో పేరా తిరగరాసి పంపు.

మీ అన్న