కడిగినా ముసురు పట్టగానే వాసన మళ్లీ లేస్తోంది: కుక్కపిల్ల మరకలకి పోర్టబుల్ కార్పెట్ క్లీనర్ ఎలా వాడాలి?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర ఇల్లు. ఎనిమిది నెలల కుక్కపిల్ల హాల్లో కార్పెట్ మీద ఒకే చోట మూత్రం పోస్తోంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన చిన్న పోర్టబుల్ క్లీనర్‌తో కడిగితే ఆ పూటకి బాగానే ఉంటోంది, ముసురు పట్టగానే వాసన మళ్లీ లేస్తోంది. పైగా సోఫా మీద పులస పులుసు ఒలికింది.

ముందు కరెంటు సంగతి చూడండి. అమెరికా మోడల్ 120 వోల్టులది, మన గోడలో వచ్చేది 230. పిన్ను ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, దాంతో పెడితే మోటారు కాలిపోతుంది. మీది ఇంకా తిరుగుతోందంటే 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడుపుతున్నారనుకుంటాను. మెషీన్ అడుగున స్టిక్కర్ మీద ఎన్ని వాట్లని ఉందో చూసి, ట్రాన్స్‌ఫార్మర్ దానికి కనీసం ఒకటిన్నర రెట్లది ఉండేలా చూసుకోండి. మోటారు అందుకునే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, బొటాబొటీది వేడెక్కిపోతుంది. దాన్ని నేలమీద కాదు, స్టూలు మీద పెట్టండి. కింద తడి ఉంటుంది కదండీ.

ఇక అసలు విషయం. ఈ మెషీన్‌ని అందరూ నీళ్లు కొట్టి రుద్దే బ్రష్షులా వాడతారు. దాని గొప్పంతా పీల్చడంలో ఉంది. ఒక ట్యాంకులో మంచినీళ్లు, ఇంకోదాంట్లో మురికినీళ్లు. ట్రిగ్గర్ నొక్కినంతసేపు పంపు నీళ్లు చిమ్ముతుంది, మోటారు మాత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ పీలుస్తూనే ఉంటుంది. ఆ పీల్చే బలం కార్పెట్ పోగుల వరకే అందుతుంది. పోగులు దాటి కిందనున్న రబ్బరు పొరలోకి, సోఫా స్పాంజిలోకి దిగిన నీళ్లు ఈ చిన్న మోటారుకి పూర్తిగా రావు. పొడి ఊళ్లలో అయితే ఆ మిగిలిన తడి గాలికే ఆరిపోతుంది. గోదావరి జిల్లాల్లో ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలే తడిగుడ్డలా ఉంటుంది, ఎక్కడారుతుంది? అందుకే ఇక్కడ లెక్క ఒకటే: కొట్టేది తక్కువ, లాగేది ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కి ఒకసారి నాజిల్ నడిపితే, ట్రిగ్గర్ వదిలేసి ఐదారుసార్లు నడపాలి. నాజిల్‌ని గట్టిగా అదిమి, మీవైపుకి లాగుతూ, జానెడు దూరానికి నాలుగైదు సెకన్లు తీసుకోండి. పారదర్శకమైన నాజిల్‌లో నీటిచుక్కలు పరిగెత్తడం ఆగేదాకా లాగాలి. గబగబా ముందుకీ వెనక్కీ తోస్తే నీళ్లు లోపలికి దిగుతాయే తప్ప పైకి రావు.

మూత్రం వాసన తిరిగి రావడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఎండిన మూత్రంలోని లవణాలు గాలిలో చెమ్మని పీల్చుకుంటాయి. తడి తగలగానే బాక్టీరియా మళ్లీ పనిలో పడి యూరియాని అమ్మోనియాగా విరగ్గొడతాయి. పైన అరచెయ్యంత మచ్చ కనిపిస్తే అడుగున దానికి రెండింతలు పాకి ఉంటుంది. మెషీన్ పైపైన కడిగింది, అడుగుది అలాగే ఉంది. పైగా కొత్తగా కొట్టిన నీళ్లు దాన్ని ఇంకాస్త పక్కలకి పాకించాయి.

పాత మచ్చకి మెషీన్‌తో మొదలుపెట్టొద్దు. పెంపుడు జంతువుల మూత్రానికని అమ్మే ఎంజైమ్ క్లీనర్ (మరకలోని మురికిని విరగ్గొట్టే ద్రవం) తెచ్చుకోండి. రాత్రి లైట్లు ఆర్పి 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే పాత మూత్రం మసక పసుపుగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. సబ్బు మరకలు కొన్ని కూడా మెరుస్తాయి, కాబట్టి ముక్కుతో ఖాయం చేసుకోండి. హద్దుకి రెండంగుళాలు అవతల దాకా సుద్దతో గీసుకుని, ఎంజైమ్‌ని ట్యాంకులో కాకుండా నేరుగా చేత్తో పోయండి. మూత్రం ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగాలి. స్ప్రే తుంపర దిగదు. అరచెయ్యంత మచ్చకి 150 నుంచి 200 మి.లీ. పడుతుంది. ఆరిపోతే ఎంజైమ్ పని ఆగిపోతుంది గనక పైన పాలిథిన్ కవరు పరిచి అంచులకి బరువు పెట్టండి. తాజా మచ్చకి పావుగంట చాలు. నెలల తరబడి పేరుకున్నదానికి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే మెషీన్‌తో లాగి, పావులీటరు మామూలు నీళ్లు కొంచెం కొంచెంగా కొట్టి మళ్లీ లాగి, పైన చెప్పినట్టు పొడిగా వచ్చేదాకా నడపండి. కార్పెట్ పూర్తిగా ఆరాకే వాసన చూసి తీర్పు చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు ఎంజైమ్‌కే ఒక వాసన ఉంటుంది. మొండి మచ్చకి రెండోసారి పడుతుంది, మూడోసారి కూడా పోకపోతే కింద పొర పాడైపోయినట్టే, ఆ ముక్క మార్చుకోవడమే దారి.

అప్పుడే పోసిన మూత్రమైతే ఇంత హడావిడి అక్కర్లేదు. పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి మీద కాలేసి నిలబడండి. తడి అంటడం ఆగేదాకా మడత మారుస్తూ ఉండండి. సగానికి పైగా అక్కడే వచ్చేస్తుంది. తర్వాత చల్లని నీళ్లతో మెషీన్. వేడినీళ్లు, ఆవిరి వద్దు, వేడికి మూత్రం, రక్తం, వాంతి, పాలు పోగుకి పట్టేస్తాయి. పెంటని మాత్రం నాజిల్ దగ్గరికి రానివ్వకండి. అట్టముక్కతో ఎత్తి, మిగిలింది ఆరనిచ్చి గీకి, ఆ తర్వాతే కడగాలి. గొట్టంలో ఒకసారి ఇరుక్కుందంటే తర్వాత కడిగిన ప్రతిదానికీ ఆ సువాసన అంటుకుంటుంది.

ఫినాయిలు సంగతి. మన ఇళ్లలో వాసన అనగానే మూత తీసేది అదే. ట్యాంకులో పోయకండి, కార్పెట్ మీదా పోయకండి. ఎంజైమ్‌ని చంపేస్తుంది, వాసన మీద వాసన పూస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ ప్రమాదం. ఫినాల్ జాతి మందుల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, పాదాలకి అంటినది నాకేస్తుంది. బ్లీచింగ్ ద్రావణం ఇంకా చెడ్డది, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి గొంతు మండించే క్లోరమీన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ వాడితే కుక్కపిల్ల అదే చోటుని తన మరుగుదొడ్డి అనుకుని మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పులుసు. ఇది ఒక మరక కాదండీ, నాలుగు మరకలు ఒక దాని మీద ఒకటి: నూనె, పసుపు, చింతపండు, చేప నీసు. వరస తప్పితే పని రెట్టింపవుతుంది. గరిటె అంచుతో బయటి నుంచి మధ్యకి ఎత్తండి. నూనె మీద మొక్కజొన్న పిండి గానీ టాల్కం పౌడర్ గానీ దట్టంగా చల్లి అరగంట ఉంచి పొడిగా లాగేయండి, కానీ ఈ మెషీన్‌తో కాదు, మామూలు వాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్షుతోనో. తడి గొట్టంలో పిండి వెళ్తే ముద్దవుతుంది. తర్వాత పావులీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా కలిపి, గుడ్డతో అద్ది, మూడు నాలుగు నిమిషాలాగి మెషీన్‌తో లాగండి. ఇక్కడ చాలామంది భయపడతారు: సబ్బు తగలగానే మరక ఎర్రగా మారుతుంది. అది కొత్త మరక కాదు, పసుపు క్షారానికి ఎర్రబడుతుంది, అంతే. ఒక వంతు వెనిగర్‌కి మూడు వంతుల నీళ్లు కలిపి అద్దితే తిరిగి పసుపు రంగుకి వస్తుంది. ఆ వెనిగరే నీసు వాసననీ చంపుతుంది. చేప వాసన క్షారగుణం ఉన్నది, పులుపుకి లొంగుతుంది, వండేటప్పుడు చింతపండు చేసే పనే. మిగిలిన పసుపు రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని తెల్లగుడ్డ మీద పోసి అద్దండి, గుడ్డ పసుపెక్కగానే కొత్త చోటు తిప్పండి. స్పిరిట్‌ని ట్యాంకులో పోయడం, అది ఆరకముందే మెషీన్‌తో పీల్చడం రెండూ చెయ్యకూడదు. మోటారులో నిప్పురవ్వకి అంటుకుంటుంది. చివరికి మిగిలే లేత పసుపు ఛాయకి మందు ఎండే. కవరు విప్పే వీలుంటే రెండు మూడు రోజులు మేడ మీద వేయండి, పసుపు ఎండకి వెలిసిపోతుంది. ఆవకాయ మరకకీ దాదాపు ఇదే దారి, దాంట్లో నూనె ఎక్కువ గనక పిండి రెండుసార్లు చల్లాలి.

సోఫా గుడ్డకి కంపెనీ చీటీ ఉంటే చూడండి. 'డబ్ల్యూ' అని ఉంటే నీళ్లు తగలొచ్చు, 'ఎస్' అంటే నీళ్లు పనికిరావు, 'ఎక్స్' అంటే పొడి వాక్యూమ్ తప్ప ఏదీ వద్దు. మన ఊళ్లలో వడ్రంగి చేత చేయించిన సోఫాకి ఏ చీటీ ఉండదు. అప్పుడు వెనకవైపు కనపడని చోట తడి తెల్లగుడ్డ ఐదు నిమిషాలు అదిమి పెట్టండి. రంగు దిగితే మెషీన్ కట్టిపెట్టేయడమే. లోపల గోనె, కొబ్బరి పీచు వేసి ఉంటే నీళ్లు ఎక్కువ కాగానే గోధుమ రంగు కషాయం పైకి ఊరి అసలు మరకకంటే పెద్దది తయారవుతుంది. కొబ్బరి పీచు పట్టాలకీ, బూరుగుదూది పరుపులకీ ఇదే భయం. వాటిమీద ఈ మెషీన్ వాడొద్దు. నరసాపురం లేసు కవర్లుంటే ముందే తీసేయండి, బ్రష్షు పళ్లు అల్లికలో చిక్కుకుని లాగేస్తాయి.

ఏలూరు ఉన్ని తివాచీ ఇంట్లో ఉంటే దాన్ని మిగతావాటితో కలపకండి. ఉన్ని కూడా మాంసకృత్తే, మాంసకృత్తుల్ని తినే ఎంజైమ్ దాన్నీ తింటుంది. ఉన్నికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే పోయాలి. వంటసోడా, బట్టల పౌడర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ దానికి తగలకూడదు. లేత రంగు నైలాన్, పాలియెస్టర్ కార్పెట్ మీద రక్తానికైతే పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది: మందుల షాపులో దొరికే 6 శాతందానికి సమానంగా నీళ్లు కలిపి, మూలన పరీక్షించి, చేత్తో అద్దాలి.

నీళ్ల మాట చెప్పకపోతే కోనసీమలో ఉన్నవాళ్లకి సగం సలహా ఇచ్చినట్టే. సముద్రానికి దగ్గరున్న చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే సబ్బు సరిగా పనిచేయదు, ఆరాక తెల్లటి పొర తేలుతుంది, చిమ్మే రంధ్రం రెండు నెలల్లో పూడుకుపోతుంది. పైగా ఆ ఉప్పు కూడా చెమ్మ పీలుస్తుంది, ఆరిందనుకున్న కార్పెట్ సాయంత్రానికి మళ్లీ జిడ్డుగా తగులుతుంది. కనీసం చివరిసారి లాగే పావులీటరైనా కుళాయి నీళ్లో, క్యాను నీళ్లో వాడండి. ట్యాంకులో కాగే నీళ్లు పోయకూడదు, సీళ్లు వంగిపోతాయి. చెయ్యి పెట్టగలిగే వేడి చాలు, అదీ నూనె మరకలకే.

ఆరబెట్టడం సీలింగ్ ఫ్యాన్‌కి వదిలేయొద్దు. టేబుల్ ఫ్యాన్‌ని నేలమీద పెట్టి గాలి కార్పెట్‌కి సమాంతరంగా తగిలేలా తిప్పండి, అంచులు ఎత్తి కింద ప్లాస్టిక్ స్టూళ్లు పెడితే అడుగు కూడా ఆరుతుంది. ఏసీ ఉంటే తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెట్టండి, బయట వాన కురుస్తుంటే కిటికీ తెరవడం కంటే అదే మేలు. ఆరుతున్నకొద్దీ అడుగున మిగిలిన మురికి నీటితోపాటు పైకి ఎక్కుతుంది, పోయిందనుకున్న మరక మర్నాడు కనపడేది అందుకే. కడిగిన చోట తెల్ల తువ్వాలు మడతపెట్టి మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచితే ఆ మురికి తువ్వాలులోకి దిగుతుంది. సంక్రాంతికి అల్లుళ్లొస్తున్నారని భోగి ముందురోజు కడిగేవాళ్లుంటారు. వారం ముందే కానిచ్చేయండి.

మెషీన్ మొరాయించే సందర్భాలు నాలుగైదే. పీల్చడం ఆగిపోతే మురికి ట్యాంకులో తేలే బిళ్ల నురగకి పైకి లేచి దారి మూసేసిందన్నమాట, ఖాళీ చేసి కడగండి. బట్టల పౌడర్, షాంపూ పోస్తే జరిగేది ఇదే, మోటారులోకి నురగ వెళ్తే పోయినట్టే. లిక్విడ్ ఎప్పుడూ సీసా మీద చెప్పినదానికంటే సగమే వేయండి. ఎక్కువైతే జిగురు మిగిలి, కడిగిన చోటే వారానికల్లా నల్లబడుతుంది. నీళ్లు చిమ్మకపోతే పంపులో గాలి చేరి ఉంటుంది. నాజిల్‌ని ట్యాంకులో నీటిమట్టం కంటే కిందకి దించి ట్రిగ్గర్ నిమిషంసేపు నొక్కి పట్టండి. అప్పటికీ రాకపోతే చిమ్మే మొనని వెనిగర్‌లో నానబెట్టండి. శబ్దం మారి బలం తగ్గితే కుక్క వెంట్రుకలు నాజిల్ మెడలో చుట్టుకున్నాయేమో చూడండి. పని మొదలుపెట్టే ముందు పొడి వెంట్రుకలన్నీ ఏరేస్తే ఈ బాధ సగం ఉండదు.

పని అయ్యాక అరలీటరు మంచినీళ్లని బకెట్లోంచి గొట్టంతో పీల్చండి, లోపలి మురికి కడుక్కుపోతుంది. మురికినీళ్లు మరుగుదొడ్డిలో పారబోయండి, పెరట్లో మొక్కలకి కాదు. రెండు ట్యాంకుల మూతలూ తీసి, గొట్టాన్ని వంపు లేకుండా తలకిందులుగా వేలాడదీసి, పూర్తిగా ఆరాకే అట్టపెట్టెలో పెట్టాలి. తడిగా మూసేస్తే నాలుగు రోజులకి ఆ ట్యాంకు తెరిచినవాళ్లకి కుక్కపిల్ల మీద కోపం పోతుంది.