మాట, పాట, బాట: పెదవుల మీద మూడూ ఒకటే

డిగ్రీ కాలేజీలో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌గా, అంటే క్లాసులో మాటలను సైగల్లోకి, సైగలను మాటల్లోకి మార్చి చెప్పే పనిలో, నాకు ఇది 12వ ఏడు. మా అన్నయ్య డెఫ్. అందుకే కోర్సు చదవకముందే నా చేతులకు ఈ భాష వచ్చేసింది. ‘డెఫ్ అని ఇంగ్లిష్‌లో ఎందుకు, మూగ, చెవిటి అనే మాటలు లేవా’ అని పోయిన నెల ఒకాయన రాశారు. వాళ్లు తమను అలాగే చెప్పుకుంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ‘మూగ’ అయితే అసలు అబద్ధం. మా అన్నయ్య కబుర్లు మొదలుపెడితే ఆపడం మా వదిన వల్ల కూడా కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల ఇంటర్‌ప్రెటర్ మేడమ్‌కి ఫోన్ చేసి, పిల్ల క్లాసులకు వస్తోందా, ఎవరితో తిరుగుతోంది అని అడిగితే ‘నేను చెప్పకూడదండీ’ అన్నారు. కన్నవాళ్ల దగ్గర దాపరికం ఏమిటి? ఇంకో బాధ కూడా ఉంది. సెలవులకు వస్తే మాతో రెండు మాటలు, ఆవిడతో వీడియో కాల్‌లో గంట. తల్లిని నేనా, ఆవిడా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ఆవిడ చెప్పకపోవడం పొగరు కాదు, ఉద్యోగ ధర్మం. మీ అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ప్రిన్సిపాల్ పిలిచినా, స్నేహితులతో గొడవపడినా ఆ మాటలన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్తాయి. వాటిలో ఒక్కటి ఇంటికి చేరిందని తెలిస్తే, మర్నాటి నుంచి మీ పిల్ల ఆవిడ ముందు నోరు, అంటే చేతులు, కట్టేసుకుంటుంది. 

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక తండ్రి బతిమాలితే, మీవాడు ల్యాబ్ ఎగ్గొడుతున్నాడని చెప్పేశాను. మంచికే అనుకున్నాను. ఆ సెమిస్టర్ అంతా ఆ అబ్బాయి నా వైపు చూడలేదు. చూడని పిల్లాడికి ఇంటర్‌ప్రెట్ చేయడమంటే గోడకు పాఠం చెప్పడమే. హాజరు సంగతి కాలేజీ ఆఫీసులో అడగండి. మిగతావి పిల్లనే అడగండి.

గంటసేపు వీడియో కాల్ అంటే మాత్రం ఆ ఇంటర్‌ప్రెటర్ కూడా కాస్త హద్దు చూసుకోవాలని నా అభిప్రాయం. కానీ అమ్మా, ఆ పిల్లకు గంటసేపు మాట్లాడే భాష ఇంట్లో దొరకడం లేదేమో. మా ఇంట్లో భోజనాల దగ్గర అందరం పకపకా నవ్వేవాళ్లం. అన్నయ్య ఏమిటని అడిగితే అమ్మ ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అనేది. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ వచ్చేది కాదు. యాభై దాటాక అమ్మ కూర్చుని నేర్చుకుంది. అన్నం, నీళ్లు, నిద్ర లాంటి వాటికి ఇంటి సైగలు ఎలాగూ ఉన్నాయి. ఆవిడ పట్టుబట్టి నేర్చుకున్నది మేమెందుకు నవ్వామో చెప్పడం.

మీకు అనుకున్నంత కష్టం కాదు. ‘నీ పేరు ఏమిటి’ అని మనం అన్న వరసలోనే సైగలూ వస్తాయి. ప్రశ్న మాట చివర్లో ఉంటుంది. ‘వస్తావు’ను ‘వస్తావా’ చేయడానికి మనం చివర తగిలించే ఆ దీర్ఘం వాళ్లకు కనుబొమల్లో ఉంటుంది. కనుబొమలు పైకెత్తితే ప్రశ్న, ఎత్తకపోతే మామూలు మాట. ఢిల్లీలో ఉన్న భారత సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం పదివేల మాటలతో వీడియో నిఘంటువు పెట్టింది. ఉచితమే. రోజుకు అయిదు మాటలు చూడండి. తప్పులు మీ అమ్మాయి చేత దిద్దించుకోండి. తల్లికి పాఠం చెప్పే అవకాశం వస్తే ఏ పిల్ల వదులుకుంటుంది?

ప్రశ్న: నా క్లాసులో ఒక డెఫ్ విద్యార్థిని ఉంది. ముందు బెంచీలో కూర్చోబెట్టి నెమ్మదిగా, గట్టిగా చెబుతున్నాను. పెదవులు చూసి అర్థం చేసుకోగలదు కదా, ఇంకా ఇంటర్‌ప్రెటర్ అవసరమా? పైగా ఆ అమ్మాయి నన్ను చూడకుండా ఆవిడనే చూస్తుంటే నాకు ఇబ్బందిగా ఉంది.
– కామర్స్ లెక్చరర్, కరీంనగర్

జవాబు: సార్, ఈ రాత్రి అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా ‘మాట, పాట, బాట’ అని చూడండి. మూడిటికీ పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. మీరెంత గట్టిగా అరిచినా అంతే. ఇక మిమ్మల్ని చూడకపోవడం అంటారా, మీ మాట ఆ అమ్మాయికి అటు నుంచి వస్తోంది మరి. మీరు మాత్రం ఆ అమ్మాయినే చూసి ‘నీకు అర్థమైందా’ అని అడగండి. ‘ఆ అమ్మాయికి అర్థమైందేమో కనుక్కోండి’ అని ఇంటర్‌ప్రెటర్‌కు చెప్పకండి. అలా అంటే నేనైతే ఆ మాటే యథాతథంగా చేతుల్లో పెట్టేస్తాను. ఒకసారి ఒక సార్ ఎవరినో తిట్టి, ‘ఇది మీరు వాళ్లకు చెప్పకండి మేడమ్’ అన్నారు. అదీ చెప్పాను. క్లాసు నవ్వింది, ఆయన కూడా నవ్వారు. మిగతా పిల్లలు విన్నది డెఫ్ పిల్లలకూ చేరాలి, అది తిట్టయినా సరే.

బోర్డు మీద లెక్క రాస్తూ అటు తిరిగి మాట్లాడే అలవాటుంటే మానుకోండి. రాసుకోండి అన్నాక ఒక నిమిషం ఆగండి. వినే పిల్లలు రాస్తూ వినగలరు. కళ్లతో వినే పిల్ల తల దించితే పాఠం అక్కడితో ఆగిపోయినట్టే. ఇంటర్‌ప్రెటర్ ఒక్కరే ఉంటే ఇరవై నిమిషాలకోసారి కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. అలసిన చేతులు ఆగవు, తప్పులు చేస్తాయి. తప్పు చేస్తున్నామని మాకే తెలియదు, అదీ ప్రమాదం.

అన్నిటికంటే ముఖ్యం, రేపటి పాఠం ఈ రోజే ఇంటర్‌ప్రెటర్ చేతిలో పెట్టండి. నేనొకసారి చూసుకోకుండా అకౌంట్స్ క్లాసుకు వెళ్లాను. ‘గుడ్‌విల్’ వచ్చింది. ముందు ఒక్కో అక్షరం రెండు చేతులతో స్పెల్లింగ్ చేశాను. పాఠం పరుగెత్తుతుంటే ఆ ఓపిక పోయి ‘మంచి’, ‘మనసు’ అని రెండు సైగలు కలిపేశాను. స్లిప్ టెస్టులో మా క్లాసు డెఫ్ అమ్మాయి, యజమాని దయగలవాడైతే గుడ్‌విల్ ఎక్కువ వేయాలి అని రాసింది. సున్నా మార్కులు. తప్పు నాదని మా అకౌంట్స్ సార్‌తో చెప్పి, ముగ్గురం కూర్చున్నాం. షాపు అమ్మేటప్పుడు సామాను, బాకీలు లెక్క తేలాక, ఆ షాపు పేరుకని అదనంగా ఇచ్చే సొమ్ము అది అని సార్ చెప్పారు. ఆ అమ్మాయే సైగ కట్టింది: గాల్లో షాపు బోర్డు గీసి, దాని మీద డబ్బు పెట్టింది. మా కాలేజీలో ఇప్పటికీ అదే నడుస్తోంది.

ప్రశ్న: ఇంటర్ పాసయ్యాను. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఏం చదవాలి అక్కా? ఉద్యోగాలు ఉంటాయా?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న రెండేళ్ల డిప్లొమా ఉంది, దాన్ని డిస్లీ (డిప్లొమా ఇన్ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటేషన్) అంటారు. పైన చెప్పిన ఢిల్లీ కేంద్రంలో ఉంది. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ ఏడు అక్కడ ఏయే కోర్సులకు ప్రవేశాలున్నాయో వెళ్లి అడుగు. ఉద్యోగాల సంగతి నిజం చెప్పాలి కదా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు దివ్యాంగులకు ఇవ్వాలి. సీటిచ్చి ఇంటర్‌ప్రెటర్ సంగతి మర్చిపోయిన కాలేజీలు నేను చూశాను. చాలాచోట్ల గంటల లెక్కన డబ్బులిస్తారు, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. అయినా పని పెరుగుతోంది. 2023లో సారా సన్నీ అనే డెఫ్ లాయరు ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో వాదించింది. డిప్లొమాలో చేరేముందు మాత్రం ఒక ఆర్నెల్లు ఆదివారాలు డెఫ్ వాళ్లతో గడుపు. వీడియోలు చూసి నేర్చుకున్న చేతులు వాళ్లకు ఇట్టే తెలిసిపోతాయి.

ప్రశ్న: తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. కుతూహలం కొద్దీ అడుగుతున్నాను. ఛందస్సు అంతా నాదం కదమ్మా, వినపడని పిల్లకు గురులఘువులు ఎలా చెబుతారు?
– తెనాలి నుంచి ఓ పాఠకుడు

జవాబు: మాస్టారూ, తెలుగు క్లాసులో ఒక డెఫ్ అమ్మాయికి ఇంటర్‌ప్రెట్ చేసేటప్పుడు నేనూ దీనికే భయపడ్డాను. ఆ రోజు బోర్డు మీద ఉత్పలమాల. పాదానికి భ ర న భ భ ర వ గణాలు, ఇరవై అక్షరాలు. మా తెలుగు మాస్టారు పద్యం ఎత్తుకున్నారు. నా చేతులు ఆగిపోయాయి. ‘ఆయన చక్కగా పాడుతున్నారు’ అని చెప్పి ఊరుకోవచ్చు, కానీ అది తప్పించుకోవడమే. గురువుకు చేయి బారుగా చాపి, లఘువుకు వేలితో చిన్న పొడుపు వేస్తూ ఎలాగో ఈదుతున్నాను. 

ఈలోగా ఆ అమ్మాయి నన్ను చూడటం మానేసి కాగితం మీద గురువుకు U, లఘువుకు I గుర్తులు పెట్టుకుంటూ పోయింది. ఒక్క తప్పు లేదు. పక్క బెంచీల్లో చెవులున్న పిల్లలు చిటికెలు వేసుకుంటూ ఇంకా రెండో గణం దగ్గరే కొట్టుకుంటున్నారు. ఎలా చేశావంటే నన్ను వింతగా చూసింది. దీర్ఘముంటే గురువు, పక్కన సున్న ఉంటే గురువు, విసర్గ ఉంటే గురువు, వెనక సంయుక్తాక్షరం వస్తే ముందుది గురువు, ‘ఇందులో వినాల్సింది ఏముంది, అన్నీ కనపడుతూనే ఉన్నాయిగా’ అంది. యతి మైత్రి కూడా అంతే. అ, ఆ, ఐ, ఔ, య, హ ఒక జట్టు అని ఎక్కంలా బట్టీపట్టేసింది. వినే పిల్లలు మాత్రం వేరేలా నేర్చుకుంటున్నారా ఏమిటి?

ఆఖర్న ఒకటడిగింది: ‘లెక్క తెలిసింది. బాగుంది బాగుంది అంటారే, ఆ బాగుండటం ఎక్కడుంది?’ దాన్ని నేను తెలుగులో పెట్టి మాస్టారికి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ అమ్మాయి రెండు అరచేతులూ బల్ల మీద ఆనించమని, బల్లకు అటుపక్క గురువుకు పిడికిలితో, లఘువుకు వేలికొసతో దరువు వేస్తూ మళ్లీ మొదటి నుంచి చదివారు. మొదటి పాదం అయింది. రెండో పాదం సగంలో ఆ అమ్మాయి ఒక చేయి తీసి మూడు వేళ్లు చూపించింది. ‘ఇక్కడ మూడు తేలిక దెబ్బలు. న గణం.’ మాస్టారు ఆగి, వేళ్ల మీద లెక్క చూసుకుని, తలాడించి మూడో పాదం అందుకున్నారు.