కనుమ రాత్రికి బర్బన్: అల్లుడికి మావయ్య ఉత్తరం

రాజోలు,
డిసెంబరు 27

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగింది విన్నాను గానీ, మీ అత్త పక్కనే కూర్చుని సున్నుండలు చుడుతోంది. అందుకే "ఆఁ ఆఁ, తేనె ఒంటికి మంచిదే" అని పెట్టేశాను. మీ డల్లాస్ బావ బర్బన్ సీసా తెస్తున్నాడనీ, నీ స్నేహితులు నలుగురు పండక్కి వస్తున్నారనీ, సోడా పోసి తాగెయ్యకుండా తేనె, నిమ్మరసం కలిపి పద్ధతిగా ఇవ్వాలనీ కదా నీ కోరిక. పందొమ్మిదేళ్ళు దుబాయ్‌లో బార్ వెనక నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావులే.

ముందుగా, ఏ రోజు తాగాలన్న సంగతి. భోగి నాడూ, సంక్రాంతి నాడూ ఆ సీసా పెట్టెలోంచి బయటికి రాకూడదు. సంక్రాంతికి మా బావగారు, అదే మీ నాన్న, పెద్దలకు పెట్టుకుంటారు. ఆ ఇంట్లో ఆ రోజు మందు వాసన వచ్చిందంటే మా అక్క, అదే మీ అమ్మ, నిన్నేమీ అనదు, ఫోన్ చేసి నన్నంటుంది. కనుమ నాడు ఎలాగూ ముక్క వండుతారు. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చి, స్నానాలు చేసి, రాత్రికి డాబా మీద కూర్చోండి.

ఇక సీసా. బర్బన్ అంటే అమెరికా విస్కీ. మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఊరాలి, అమెరికాలోనే తయారవ్వాలి. అది వాళ్ళ చట్టం. ఒకసారి వాడిన పీపాలో మళ్ళీ బర్బన్ పోయకూడదు కాబట్టి ఆ పాత పీపాల్ని స్కాచ్ వాళ్ళు కొనుక్కుపోతారు. రంగు కలపడం కూడా నిషేధమే, ఆ ఎరుపంతా పీపాదే. మన దగ్గర చవక విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టు, రంగేమో మాడ్చిన పంచదారది. వాటిలో తేనె పోస్తే తేనె దండగ.

సీసా మూత తియ్యగానే పొయ్యకు, ఒకసారి వాసన చూడు. నేను మొదటిసారి చూసినప్పుడు అంబాజీపేటలో మా తాత కురిడీ కొబ్బరికాయలు ఆరబెట్టే అటక గుర్తొచ్చింది. నా ముక్కు నన్ను మోసం చేస్తోందనుకున్నాను. తర్వాత ఒక పెద్ద బార్‌మన్ చెప్పాడు: అమెరికా ఓక్ చెక్కలో కొబ్బరి వాసననిచ్చే పదార్థం నిజంగానే ఉందట, దానితోపాటు వెనిల్లా వాసనది కూడా. కోనసీమవాడికి బర్బన్ పరాయి వాసనేమీ కాదురా.

నువ్వు చెయ్యాల్సిన దాని పేరు గోల్డ్ రష్. విస్కీ సోర్ అని పాతకాలం విస్కీ, నిమ్మరసం పానీయం ఒకటుంది, అందులో పంచదార పాకం పోస్తారు. 2000 ప్రాంతాల్లో న్యూయార్క్‌లో మిల్క్ అండ్ హనీ అనే చిన్న బార్‌లో పాకం బదులు తేనె పోసి ఈ పేరు పెట్టారు. అంతే తేడా. కానీ ఆ ఒక్క మార్పులోనే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను.

నేను మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు మా బావమరుదుల ముందు గొప్పకి పోయాను. గ్లాసులో ఐసు వేసి, విస్కీ పోసి, పైనుంచి తేనె ధారగా వదిలాను. చూడ్డానికి ఎంత బాగుందో! ఆ తేనె ఐసుకి తగలగానే బిగిసి, అడుక్కి దిగి, జీళ్ళపాకంలా అతుక్కుంది. పైనంతా పుల్లటి ఘాటు మందు, అడుగున చెంచాతో గీకితే గానీ రాని ముద్ద. పెద్ద బావమరిది తాగి, "దుబాయ్‌లో దీనికి డబ్బులిస్తారా?" అన్నాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ మాటే అడుగుతాడు.

కాబట్టి తేనెని ముందే నీళ్ళలో విడగొట్టాలి. రెండు వంతుల తేనెకి ఒక వంతు గోరువెచ్చటి నీళ్ళు. 100 మిల్లీలీటర్ల తేనె, 50 మిల్లీలీటర్ల నీళ్ళు అనుకో. వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఎక్కువైనట్టు. మరిగే నీళ్ళు పోస్తే తేనె వాసనంతా ఆవిరిలో పోతుంది. చెంచాతో తిప్పి, సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టుకో. రెండు వారాలు ఢోకా ఉండదు. నురగ కట్టినా, పులిసిన వాసన వచ్చినా పారబొయ్యి. తేనెగా ఉన్నంతకాలమే అది చెడదు, నీళ్ళు తగిలాక దానికీ ఆయుష్షు మొదలైనట్టే.

తేనె ఏది అంటావా, గిరిజన కార్పొరేషన్ వాళ్ళది తీసుకో. 1956 నుంచి ఏజెన్సీలో గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న సంస్థ అది. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఎవరైనా వెళ్తుంటే చెప్పినా తెచ్చిపెడతారు. అడవి తేనె రంగు ముదురు, చివర్లో కాస్త వగరు. బర్బన్ పక్కన నిలబడగలిగేది అదే. సీసాలో తేనె పేరుకుందని కల్తీ అనుకోకు. తేనెలో గ్లూకోజ్ ఉంటుంది, చలికి పలుకులు కడుతుంది. వేడినీళ్ళ గిన్నెలో సీసా కాసేపు నిలబెడితే కరుగుతుంది. ఇంకో మాట, మందుకి సంబంధం లేనిది. మీ అక్క కొడుక్కి ఇంకా ఏడాది నిండలేదు. తేనె సీసా చూడగానే ఎవరో ఒక పెద్దావిడ వాడి నాలిక్కి రాయబోతుంది. రాయనివ్వకు. ఏడాదిలోపు పిల్లలకి తేనెలోని ఒకరకం బాక్టీరియా వల్ల ప్రమాదం, అది చిన్న కడుపులో విషం పుట్టిస్తుంది. నాపేరు చెప్పి తిట్లు నామీదికి తోసెయ్యి.

నిమ్మకాయ దగ్గర అమెరికా లెక్క మనకి కుదరదు. వాళ్ళ లెమన్ పెద్దది, పసుప్పచ్చది, పులుపులో కాస్త మెత్తదనం ఉంటుంది. మన నిమ్మ గోళీకాయంత ఉన్నా పళ్ళు జివ్వుమనిపిస్తుంది. వాళ్ళ లెక్క ప్రకారం బర్బన్ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 22, తేనె నీళ్ళు 22. నేను మన కాయతో చేసేటప్పుడు రసం 18కి తగ్గించి తేనె నీళ్ళు 25 చేస్తాను. చివరి మాట నీ నాలుకదే. చేపల పులుసు పొయ్యి మీద ఉండగా అమ్మ అరచేతిలో చుక్క వేసుకుని చూస్తుంది చూడు, అలా మొదటి గ్లాసు రుచి చూసి సర్దుకో. పులుపు ముందు తగిలి, తీపి వెనక రావాలి. తీపి ముందొస్తే పానకం.

కాయలు పల్చటి తొక్కవీ, చేతిలో బరువుగా తూగేవీ ఏరు. జనవరిలో చవగ్గానే దొరుకుతాయి, ఎండాకాలం ధర చూస్తే ఈ సరదా పుట్టదు. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే చల్లదనం పోయేదాకా ఉంచి, అరచేత్తో గచ్చు మీద దొర్లించి కొయ్యి. పిండేదానిలో పెట్టి కసిగా నొక్కకు, తొక్కలోని చేదంతా దిగుతుంది. గింజలు వడకట్టు. మధ్యాహ్నమే పిండి పెట్టుకుందామనే తెలివి వద్దు. రాత్రికి ఆ రసం చచ్చిపోతుంది. నేను పనిచేసిన ఒక హోటల్లో ఖర్చు తగ్గుతుందని సీసా రసం వాడమనేవాళ్ళు. అలవాటున్నవాళ్ళు ఒక్క గుక్క తాగి గ్లాసు వెనక్కి పంపేవాళ్ళు, మాట మాత్రం నేను పడేవాణ్ణి.

ఐసు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మనూళ్ళో అసలు గొడవ దాంతోనే. పండగ రోజుల్లో ఐసు సరిపోలేదని ఎవడో బండేసుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయి దిమ్మ కొట్టించుకొస్తాడు. అది రొయ్యలకీ, చేపలకీ పోసే ఐసు. ఏ నీళ్ళతో చేశారో, ఏ పట్టా మీద ఈడ్చారో నీకు తెలీదు. సీసాకి చుట్టూ పెట్టి చల్లబరుచుకో గానీ గ్లాసులో వెయ్యకు. కాచి చల్లార్చిన నీళ్ళు క్యారేజీ గిన్నెల్లో పోసి, మూతలు పెట్టి, రెండ్రోజుల ముందు నుంచీ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించుకో. మూతలు మర్చిపోతే పులస పులుసు వాసనేస్తుంది. నవ్వకు, మా ఇంట్లో అయింది. గిన్నెలో గడ్డ పెద్దదిగా ఉంటుంది కాబట్టి నిదానంగా కరుగుతుంది, అదే మనకి కావాలి. దాన్ని గుడ్డలో చుట్టి రోకలితో రెండు దెబ్బలు వేస్తే గ్లాసుకి పెద్ద ముక్కలూ, ఊపడానికి చిన్న ముక్కలూ వస్తాయి.

ఊపడానికి షేకర్ కొనకు. మరచెంబుని మించిన షేకర్ లేదు. అయితే మీ అమ్మ ఇత్తడి మరచెంబు జోలికి పోకు. ఒకటి, ఇత్తడికి పులుపు తగిలితే చిలుమెక్కుతుంది, లోపల కళాయి ఉంటే తప్ప. రెండు, అక్క అందులో కాశీ నుంచి గంగ తెచ్చుకుంది. ఈ రెండోది మొదటిదానికన్నా పెద్ద ప్రమాదం. స్టీలుదే కావాలి.

అందులో బర్బన్, రసం, తేనె నీళ్ళు పోసి, చిటికెడులో సగం ఉప్పు వెయ్యి. ఉప్పు రుచి తెలియకూడదు, నిమ్మ మాత్రం నిద్రలేస్తుంది. మన పెరటి దబ్బచెట్టు ఆకు ఒకటి చేత్తో నలిపి వెయ్యి, మజ్జిగలో వేసుకుంటాం చూడు అలా. ఇది ఏ బార్‌లోనూ లేదు, నా సొంతం. సగం పైన ఐసు నింపి, మూత బిగించి, రెండు చేతులతో భుజం పక్కనుంచి గట్టిగా పన్నెండు, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా ఊపు. మొదట్లో ఐసు గలగలమంటుంది, తర్వాత చప్పుడు మెత్తబడుతుంది, చెంబు బయట పొగమంచులా పడుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. అక్కడ ఆపు. ఊపినప్పుడు కరిగిన నీళ్ళు కూడా ఇందులో ఒక దినుసే, అవి లేకపోతే గొంతులో గీసుకుపోతుంది. టీ వడపోతతో వడకట్టి, గ్లాసులో పెద్ద ఐసు ముక్క మీద పొయ్యి. కొందరు కోడిగుడ్డు తెల్లసొన కూడా వేసి నురగ తెప్పిస్తారు. పండగ పూట పదిమందికి పచ్చిగుడ్డు పెట్టి కడుపులు చెడగొట్టకు.

నంజుకోడానికి రొయ్యల వేపుడు బ్రహ్మాండం, కారం మాత్రం తగ్గించమను. పులుపు మీద కారం పడితే నోరు మండిపోయి, మంట చల్లారడానికి ఇంకో గ్లాసు అడుగుతారు. జంతికలు సరే. పూతరేకులు దీని పక్కన పెట్టకు, రెండిటికీ అన్యాయం.

తాగనివాళ్ళకి అదే తేనె నీళ్ళు, నిమ్మరసం బొండం నీళ్ళలో కలిపి, చిటికెడు శొంఠి వేసి, అదే గ్లాసుల్లో ఇవ్వు. మీ డల్లాస్ బావ చూడకుండా నాకూ ఒకటి అదే పొయ్యి. ఎందుకో చెప్తాను.

ఈ గోల్డ్ రష్‌లో మోసం ఒకటుంది. మందులా ఉండదు. నిమ్మ సోడా తాగినట్టు దిగిపోతుంది. 60 మిల్లీలీటర్ల బర్బన్లో ఇంచుమించు 20 గ్రాముల ఆల్కహాలుంటుంది. ఒకే గ్లాసు అనుకుంటావు, లోపలికి మాత్రం రెండు పెగ్గులు పోతాయి. ఆరేళ్ళ క్రితం ఇలాంటివి రెండు తాగి, "నాకేమీ కాలేదు" అని మామిడికుదురు నుంచి స్కూటర్ మీద బయల్దేరాను. కాలవగట్టు మీద మలుపు నాకన్నా ముందు తిరిగింది. దాళ్వా (రెండో పంట) నీళ్ళతో కాలవ నిండుగా ఉంది. తెల్లారుజామున పాలవాడు చూసి, చెయ్యందించి లాగాడు. స్కూటర్ మధ్యాహ్నానికి దొరికింది. నేను చెప్పుల్లేకుండా, తడిబట్టలతో ఇంటికి నడిచెళ్ళాను. మీ అత్త తలుపు తీసి, ఒక్క మాటా అనకుండా తువ్వాలు ఇచ్చింది. ఆ తువ్వాలు ఇప్పటికీ గుర్తుంది నాకు.

అందుకని కొలత లేకుండా పొయ్యకు. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కప్పు ఉంటుంది, మిల్లీలీటర్ల గీతలతో. అది చాలు. ఇంట్లో నేనైతే 60 కాదు, 45 పోసి మిగతావి ఆ లెక్కనే తగ్గిస్తాను. మనిషికి రెండు గ్లాసులు, మధ్యలో ఒక పెద్ద గ్లాసు మంచినీళ్ళు. ఇరవయ్యొకటి నిండనివాడికి చుక్క కూడా లేదు, మన రాష్ట్రంలో వయసు అదే. మీ పెదనాన్నగారి చిన్నవాడు మీసం తిప్పుతూ వస్తాడు, వాడికి బొండం. బండి తాళాలన్నీ నువ్వే తీసుకుని బియ్యం డబ్బాలో పడెయ్యి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే కేసే, ఆ హద్దు దాటడానికి ఒక్క గ్లాసు చాలు కొందరికి. పోలీసుల కన్నా నాకు మన కాలవలంటేనే భయం. షుగర్‌కో, బీపీకో, నిద్రకో మందులు వేసుకునేవాళ్ళుంటే గ్లాసు ఇచ్చే ముందే అడుగు.

జలుబు చేసిందని ఎవడైనా వేణ్ణీళ్ళలో కలిపిమ్మంటాడు. దాన్ని హాట్ టాడీ అంటారు. ఆ టాడీ అన్న మాట మన తాటికల్లు నుంచి పోయిందే, తాడీ అనేదాన్ని దొరలు అలా పలికారు. కావాలంటే కలిపివ్వు, మంచు పడే రాత్రి హాయిగానే ఉంటుంది. జలుబు మాత్రం దానిష్టం వచ్చినప్పుడే పోతుంది. జలుబు మాత్ర వేసుకున్నవాడికి అసలివ్వకు.

స్టీలు మరచెంబు మా ఇంట్లో ఉంది, భోగి నాడు వస్తూ తెస్తాను. దాని మర కాస్త అరిగింది. గట్టిగా ఊపితే మూత సందులోంచి కారుతుంది. కింద ఒక చెయ్యి, మూత మీద గుడ్డ వేసి ఇంకో చెయ్యి పెట్టాలి. నేనొచ్చేదాకా ఉత్త నీళ్ళు, ఐసు ముక్కలు వేసి ఏదైనా మూత డబ్బాతో రెండుసార్లు ఊపి చూసుకో. డాబా మీద మాత్రం చెయ్యకు, కింద పడకగదిలో బావగారు పడుకుంటారు.

మీ మావయ్య