గుణదల దారిలో కొట్టు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో మేరీమాత క్షేత్రమున్న గుణదల కొండకు వెళ్లే దారిలో, క్రైస్తవ భక్తి సామాను అమ్మడానికి కొట్టు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మనం లూథరన్లం. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది రోమన్ కాథలిక్కులు. ఊళ్లో బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు, పెంతెకొస్తు వారు కూడా ఉన్నారు. అందరికీ అమ్మాలన్న నీ ఆలోచన మంచిదే. కాని ముందు ఒక విషయం తేల్చుకో. కాథలిక్కులు జపానికి వాడే జపమాల చేతికిచ్చేటప్పుడు నీ మనసులో ఏ మూలనైనా చిన్నచూపు ఉంటే ఈ వ్యాపారం వద్దు. ఆ భక్తి నీది కాకపోవచ్చు. దానిని నమ్ముకుని కొండెక్కివచ్చిన మనిషిని గౌరవించడం మాత్రం తప్పదు. నీ ముఖంలో ఏముందో కొనేవారు ఇట్టే పసిగడతారు.

గౌరవం సరుకును చూసుకోవడంలోనే మొదలవుతుంది. జపమాలల కట్ట రాగానే ఒక్కొక్కటీ వేళ్ల మధ్య జరిపి లెక్కపెట్టు. పదేసి పూసల గుత్తులు ఐదుండాలి, వాటి మధ్య విడిపూసలు, సిలువ దగ్గర తోక పూసలు, అన్నీ కలిపి 59. చవక సరుకులో ఒక గుత్తికి తొమ్మిదే ఉండడం, కొక్కేలు నోరు తెరుచుకుని ఉండడం మామూలే. జపం మధ్యలో పూస తక్కువైతే దాన్ని కొనుక్కున్న పెద్దావిడ ఎంత బాధపడుతుందో ఆలోచించు. అలాంటివి తిరిగి పంపించు, ధర తగ్గించి అమ్మకు. మరియమ్మ స్వరూపాలను ‘స్వరూపాలు’ అనే పిలువు. బొమ్మ అనో విగ్రహమనో అంటే వారి మనసు నొచ్చుకుంటుంది.

ఎవరైనా ‘మంత్రించినవేనా?’ అని అడిగితే, ‘లేదండీ, ఫాదర్‌గారి దగ్గరకు తీసుకెళ్లి మంత్రింపజేసుకోండి’ అని చెప్పు. మంత్రించినదని చెప్పి నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకోవడం పాపం. పవిత్ర వస్తువుకు ఆశీర్వాదం పేరుతో వెల కట్టడం కాథలిక్కు సభ నియమాలకు కూడా విరుద్ధం.

బైబిళ్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. నల్ల అట్టల మీద చూస్తే రెండూ ఒకలాగే కనబడతాయి. మన బైబిల్లో, అంటే లూథరన్లు, బాప్టిస్టులు వంటి ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, కాథలిక్కుల బైబిల్లో 73. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటివి వారి పాత నిబంధనలో ఉంటాయి. వేర్వేరు అరల్లో పెట్టి, ఇచ్చే ముందు విషయసూచిక తెరిచి చూపించు. ‘మీరు ఏ చర్చికి వెళతారండీ?’ అని మెల్లగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. కానుకగా కొనేవారిని మాత్రం ఎవరికి ఇస్తున్నారో అడుగు. బాప్టిస్టు పెళ్లికూతురికి ఆమె కాథలిక్కు స్నేహితురాలు కొనడం మన ఊళ్లలో రోజూ ఉండేదే.

గోడకు తగిలించే పటాల విషయంలో కూడా అంతే. ప్రభువు నేర్పిన ప్రార్థన చివర ‘రాజ్యము, బలము, మహిమ’ అనే మాటలున్న పటం ప్రొటెస్టెంట్లకు ఇవ్వాలి. కాథలిక్కులు జపం చెప్పుకునేటప్పుడు అంతకు ముందే ముగిస్తారు. పది ఆజ్ఞల పటంలో ‘వ్యభిచరింపకూడదు’ అనేది కాథలిక్కులకు, మన లూథరన్లకు ఆరో ఆజ్ఞ, బాప్టిస్టులకు, సి.ఎస్.ఐ. వారికి ఏడోది. అంకె తప్పిన పటాన్ని ఏ పాస్టరూ సండే స్కూలు గోడకు తగిలించనివ్వడు. ఇది చాలామంది వ్యాపారులకు తట్టదు.

సిలువలు రెండు రకాలూ ఉంచు. యేసు దేహమున్నది కాథలిక్కులు అడుగుతారు. ఆయన లేచాడు గనుక ఖాళీ సిలువే కావాలని ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు అంటారు. ఆ చర్చ నీ కౌంటరు ముందు మొదలైతే నోరు మెదపకు. పెంతెకొస్తు, బ్రదరన్ అక్కలకు గొలుసులు చూపించకు. వారిలో చాలామంది నగలు పెట్టుకోరు. వారికి పెద్దక్షరాల బైబిలు, దాని జిప్పు సంచి, పాటల పుస్తకం చూపించు.

డిసెంబరులో నక్షత్రాలు, పశువుల పాక సామాను ఎవరైనా కొంటారు. 31 రాత్రి ఆరాధనకు బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు కట్టలు కట్టలుగా కావాలి, పాస్టర్‌గార్ల దగ్గర ముందే ఆర్డర్లు రాసుకో. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం పంచే చిన్న గ్లాసులూ వారే అడుగుతారు. నవంబరు 2 సమాధుల పండుగకు కొవ్వొత్తులు ఎన్ని తెచ్చినా చాలవు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత తిరునాళ్లకు జనవరి మొదటి వారానికే సరుకు దించుకో. రద్దీలో స్వరూపాలు విరుగుతాయి. విరిగినవాటిని చెత్తలో వేయించకు. వాటిని గౌరవంగా మట్టిలో పాతిపెట్టడం మంచిది, చోటు కోసం ఫాదర్‌గారిని అడుగు. కావలసిన సరుకు జాబితా రాసి పంపు, పైవారం నేనే వచ్చి టోకు కొట్లన్నీ చూపిస్తాను.

ప్రేమతో,
మీ మామయ్య