డాక్టర్ సలహా: బొడ్డు ఊడకముందే పాపకు నీళ్ళు పోయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఆరు రోజుల కింద నాకు పాప పుట్టింది. సిజేరియన్ చేశారు, పాప బరువు 2.7 కిలోలు. హాస్పిటల్‌లో ఉన్నన్ని రోజులు గుడ్డతో తుడిచారే తప్ప ఒక్కసారి కూడా స్నానం చేయించలేదు. ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను. మా అమ్మ రేపటి నుంచి నీళ్ళు పోసే ఆవిడను రమ్మంది. మా అత్తమ్మ ఫోన్ చేసి, పురుడు రోజే తలకు పోయాలి, అప్పటిదాకా నీళ్ళు ముట్టించొద్దని అంటోంది. బొడ్డు ఇంకా ఊడలేదు. ఇక్కడ చలి బాగా ఉంది. పాపకు కాళ్ళ దగ్గర చర్మం పొట్టులా లేస్తోంది, స్నానం లేకనే అలా అవుతోందని చుట్టుపక్కల వాళ్ళు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: అమ్మా, హాస్పిటల్‌లో స్నానం చేయించలేదని బాధపడుతున్నారు గానీ, వాళ్ళు చేసింది మంచి పనే. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుట్టినప్పుడు ఒంటి మీద వెన్న రాసినట్టు తెల్లగా ఒక పూత ఉంటుంది కదా, దాన్ని మురికి అనుకుని కొందరు రుద్ది రుద్ది తీసేస్తారు. అది మురికి కాదు, కడుపులో తొమ్మిది నెలలు నీళ్ళలో నానిన చర్మాన్ని కాపాడింది అదే. బయటికి వచ్చాక కూడా చర్మం ఎండిపోకుండా, సూక్ష్మక్రిములు అంటకుండా కొంత అడ్డుపడుతుంది. దానంతటదే ఇంకిపోతుంది.

ఇక పొట్టు లేవడం. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో మొదటి రెండు వారాలు ఇది మామూలే. స్నానం లేక కాదు, స్నానం చేయిస్తే ఆగిపోయేదీ కాదు. ఆ పొట్టును గిల్లి తీయకండి, అంతే.

మీ అమ్మగారికీ అత్తమ్మకూ మధ్య తీర్పు చెప్పమంటే నాకు కొంచెం కష్టమేగానీ, ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఆరో రోజు, 2.7 కిలోల బరువు, పాప పాలు బాగా తాగుతుంటే, ఒళ్ళు వెచ్చగా ఉంటే స్నానం చేయించవచ్చు. బొడ్డు ఉందని భయం అక్కర్లేదు, బొడ్డు తడిస్తే ఏమీ కాదు, తడిసి ఆరకుండా ఉంటేనే ఇబ్బంది. కానీ మీరున్నది చలిలో, ఇంట్లో ఇది మొదటి స్నానం. అందుకే నన్ను అడిగితే బొడ్డు ఊడేదాకా రోజూ గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడవండి చాలు. సాధారణంగా 5 నుంచి 15 రోజుల్లోపు బొడ్డు ఊడిపోతుంది. ఊడిన రెండు రోజులకు, అక్కడ తడి ఆరాక, నీళ్ళు పోయడం మొదలుపెట్టండి. మూడు వారాలు దాటినా ఊడకపోతే డాక్టర్‌కు చూపించండి.

చలి చలి అని ఎందుకు ఇన్నిసార్లు అంటున్నానంటే, ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కింద డిసెంబర్‌లో ఒక తాతగారు పొద్దున్నే తొమ్మిది రోజుల బాబును దుప్పట్లో చుట్టుకుని ఓపీకి వచ్చారు. తెల్లారి నుంచి పాలు పట్టడం లేదు, ఏడవను కూడా ఏడవడం లేదు అన్నారు. దుప్పటి తీసి పాదం పట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. థర్మామీటర్ పెడితే 95 డిగ్రీలు. పురుడని తెల్లవారుజామున ఐదింటికే తలస్నానం చేయించి, తల సరిగ్గా తుడవకుండానే పూజ దగ్గర కూర్చున్నారట. సెలైన్లూ అవీ అనేలోపు మేం మొదట చేసిన పని, బాబు బట్టలు తీసేసి, తలకు టోపీ పెట్టి, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పడం. షుగర్ పరీక్ష చేసి, పిండిన పాలు కొంచెం కొంచెంగా పట్టించాం. మధ్యాహ్నానికల్లా వాడే నోరు తెరిచి రొమ్ము వెతుక్కున్నాడు. జబ్బేమీ లేదు, చల్లబడ్డాడంతే.

మనకు చలేస్తే వణుకుతాం, ఆ వణుకుతో ఒళ్ళు కొంత వేడెక్కుతుంది. పుట్టిన పిల్లలకు ఆ వణుకు కూడా రాదు. ఒంట్లో ఉన్న కాస్త ప్రత్యేకమైన కొవ్వును, చక్కెరను ఖర్చు చేసి వేడి పుట్టించుకోవాలి, అది అయిపోతే పాలు పీల్చే ఓపిక ఉండదు, పాలు తాగకపోతే ఇంకా చల్లబడతారు. ఒంటికి తగ్గట్టు చూస్తే తల పెద్దది, అందుకే తడి తల నుంచి వేడి చాలా పోతుంది. పూర్వం చివర్లో తలకు పోసి గబగబా చుట్టేసేవాళ్ళు చూడండి, ఆ పద్ధతి మంచిదే.

ఇప్పుడు నీళ్ళు పోయడం సంగతి. ఎండ వచ్చాక, పది పదకొండు గంటల మధ్య పెట్టుకోండి. పాలు తాగి గంట దాటాలి, మరీ ఆకలి మీద కూడా ఉండకూడదు. గది తలుపులు వేసి, ఫ్యాన్ ఆపేయండి. తువ్వాళ్ళు రెండు, ఉతికి ఎండలో ఆరేసిన పొత్తిగుడ్డలు, చొక్కా, టోపీ అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోవాలి, పాప తడిగా ఉండగా టవల్ కోసం బీరువా దగ్గరికి పరిగెత్తే పని పెట్టుకోవద్దు. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేణ్ణీళ్ళు కలపండి, పొయ్యి మీది నీళ్ళయినా గీజర్ నీళ్ళయినా ఇదే లెక్క. వేణ్ణీళ్ళు ముందు పోసి చన్నీళ్ళు తర్వాత పోద్దాంలే అనుకున్న ఇళ్ళలోనే, మధ్యలో ఫోన్ మోగితే, పిల్లలకు ఒళ్ళు కాలేది. నీళ్ళను మీ అరచేత్తో చూడకండి, వంటింటి వేడికి అలవాటు పడ్డ చెయ్యి అది, దానికి అన్నీ గోరువెచ్చగానే అనిపిస్తాయి. మోచెయ్యి ముంచి చూడండి. వేడీ కాదు, చల్లా కాదు అనిపించాలి. మొత్తం పని ఐదు నిమిషాల్లో అయిపోవాలి, మహా అయితే పది.

టబ్ కొనాలా అని అడిగేవాళ్ళు చాలామంది. అక్కర్లేదు. మన ఆడవాళ్ళు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ రెండు కాళ్ళ మధ్య బిడ్డను పడుకోబెట్టి చెంబుతో పోస్తారే, నా లెక్కలో ప్లాస్టిక్ టబ్ కంటే అదే నయం. బిడ్డకు కింద వెచ్చటి ఒళ్ళు తగులుతుంది, జారదు, నీళ్ళు నిలవవు. ఒక్కటే జాగ్రత్త, బోర్లా తిప్పినప్పుడు ముక్కూ నోరూ కాళ్ళ మధ్య నొక్కుకుపోకూడదు, గడ్డం కింద చెయ్యి ఉండాలి. నా సొంత బిడ్డకు మొదటిసారి నీళ్ళు పోయాల్సి వచ్చినప్పుడు, అప్పటికి వందల మంది పిల్లల్ని చూసిన నాకే చేతులు వణికాయి. మా అమ్మ చెంబు లాక్కుని, నువ్వు మందులు రాసుకో పో అంది.

నీళ్ళు పోసే ఆవిడను వద్దనకండి. ఆమె చేతుల్లో ఊరి పిల్లలు సగం మంది పెరిగి ఉంటారు. కానీ మొదటి రోజే పక్కన కూర్చుని కొన్ని మాత్రం గట్టిగా చెప్పాలి, మొహమాటపడొద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వచ్చిన పిల్లల్ని మేం చూస్తూనే ఉంటాం, అది మామూలు న్యుమోనియా కంటే మొండిది. ముక్కులో నోటితో గాలి ఊదడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం కూడా వద్దు. ముక్కు కోసుగా రావాలని లాగడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం అనవసరం, కాన్పులో సాగిన తల వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఇంకొకటి, ఆడపిల్లయినా మగపిల్లాడైనా పుట్టిన కొన్నాళ్ళు రొమ్ముల దగ్గర చిన్న గడ్డలా ఉబ్బి, కొందరికి పాలలాంటి నీరు కూడా వస్తుంది. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల అది. పిండితే చీము పట్టి ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. దయచేసి ముట్టుకోనివ్వకండి. పాపకు కింద తెల్లగా, ఒక్కోసారి రెండు మూడు రక్తపు చుక్కలు కనబడినా కంగారు పడొద్దు, కారణం అదే. అక్కడ తుడిచేటప్పుడు ముందు నుంచి వెనక్కి తుడవాలి.

మాడు మెత్తగా ఉంది, అక్కడ ఆముదం పెట్టకపోతే పూడదు అంటారు. పెట్టినా పెట్టకపోయినా అది దాని టైమ్‌కి, చాలామందిలో ఏడాది నుంచి ఏడాదిన్నర వయసులో పూడుతుంది. ఒక చుక్క రాస్తే నష్టమేమీ లేదుగానీ, గిన్నెడు ఆముదం నింపి ఆ జిడ్డు వదలగొట్టడానికి శనగపిండి రుద్దడం వద్దు. సున్నిపిండి, శనగపిండి, పసుపు నలుగు ఇప్పుడే వద్దు. ఈ వయసులో చర్మం ఉల్లిపొరంత పల్చన, రుద్దితే గీసుకుపోతుంది. నూగు అసలు పోగొట్టాల్సిన పనే లేదు, కొన్ని వారాల్లో రాలిపోతుంది. సబ్బు రోజూ అక్కర్లేదు, వాడితే వాసన తక్కువగా ఉండే మైల్డ్ సబ్బు వారానికి రెండుసార్లు చాలు. నూనె కావాలంటే కొబ్బరినూనె మంచిది. చలికి గడ్డకడుతుంది కాబట్టి సీసాను వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, స్నానానికి ముందు మెల్లగా రాయండి, మర్దన పేరుతో కీళ్ళు విరవొద్దు. ఆవనూనె చర్మాన్ని మండిస్తుంది, వద్దు.

స్నానం అయ్యాక మెడ కింద, చంకల్లో, తొడల మడతల్లో, చెవుల వెనక తువ్వాలును అద్ది తడి తీయండి. మెడ మడతలో పాలు కారి నిలిచిన చోటే ఎర్రగా ఒరుస్తుంది, పిల్లలు బొద్దుగా ఉంటే అక్కడ చూడటమే మర్చిపోతాం. పౌడర్ వద్దు, పీలిస్తే ఊపిరితిత్తులకు పడదు. సాంబ్రాణి పొగ కూడా వద్దు, తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు. కంటికి కాటుక వద్దు, అందులో సీసం ఉండే ప్రమాదం ఉంది, వేలితో ఇన్ఫెక్షన్ వస్తుంది. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, మీ అత్తమ్మకూ తృప్తి. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె, పౌడర్ ఏదీ వేయొద్దు. పొడిగా వదిలేసి, డైపర్ అయినా గుడ్డయినా దాని కిందకి మడిచి కట్టండి. ఎడమ భుజం దగ్గర బీసీజీ టీకా వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేస్తుంది. నీళ్ళు తగిలితే ఫర్వాలేదు, రుద్దొద్దు, ఏమీ పూయొద్దు.

చాలామంది డాక్టర్లు కూడా చెప్పడం మర్చిపోయే విషయం ఒకటుంది. స్నానం అయ్యాక చుట్టడానికి పాత చీర ముక్కలు, పెద్ద పిల్లల స్వెటర్లు బీరువాలోంచి తీస్తారు కదా, వాటిలో కలరా ఉండలు వేసి దాచి ఉంటే అలాగే వాడకండి. కొందరు పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, ఆ ఉండల వాసనకే వాళ్ళ రక్తకణాలు పగిలి కామెర్లు బాగా పెరుగుతాయి. ఉతికి, ఎండలో బాగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడాలి.

రోజూ నీళ్ళు పోయాల్సిందేనా అంటే, లేదు. చలికాలంలో వారానికి రెండు మూడుసార్లు చాలు, మిగతా రోజుల్లో ముఖం, మెడ, మడతలు, కింద తుడిస్తే సరిపోతుంది. పాపకు జలుబుగా ఉన్నా, చల్లగా అనిపించినా ఆ రోజు మానేయండి. బిడ్డ బరువు 2.5 కిలోల కంటే తక్కువ ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా మాత్రం ఇప్పుడు నేను చెప్పిన లెక్క పనికిరాదు. బరువు పెరిగేదాకా తుడవడమే, ఎప్పుడు మొదలుపెట్టాలో మీ పిల్లల డాక్టర్ చెప్పాలి.

స్నానం తర్వాత పొట్ట మీద, పాదం మీద చెయ్యి పెట్టి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలేస్తున్నట్టు, మీ గుండెలకు హత్తుకుని పాలివ్వండి. రెండూ చల్లగా ఉన్నా, పాదాలు గంటలో వెచ్చబడకపోయినా హాస్పిటల్‌కు బయల్దేరండి, దారిలో కూడా గుండెలకు హత్తుకునే తీసుకెళ్ళండి. చంకలో థర్మామీటర్ పెడితే 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి. పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, నిమిషానికి 60 కంటే ఎక్కువ సార్లు ఊపిరి తీస్తున్నా, అరచేతులూ అరికాళ్ళూ పసుపు పచ్చగా మారినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి వాసనతో చీము వస్తున్నా ఆ రోజే చూపించాలి, రేపు చూద్దాం అనుకోవద్దు. తుమ్ములు, ఎక్కిళ్ళు వస్తే మాత్రం స్నానం పడలేదని అనుకోకండి, అవి అందరు పిల్లలకూ వస్తాయి.

మీ అత్తమ్మకు ఫోన్ చేసి, పురుడు రోజుకు బొడ్డు ఊడి రెండు రోజులై, అక్కడ తడి ఆరి ఉంటే తలకు పోద్దాం, లేకపోతే ఆ రోజు తడిగుడ్డతో తుడిచి కొత్త బట్టలు వేద్దాం అని చెప్పండి. అయ్యగారు తెల్లవారుజామున ముహూర్తం పెడితే పది గంటలకు మార్చమనండి, పసిబిడ్డ అంటే వాళ్ళూ కాదనరు. మీకు కుట్లున్నాయి కాబట్టి మీరు పీట మీద కూర్చుని ఒంగొద్దు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పొడి తువ్వాలు పరుచుకుని ఉండండి, మీ అమ్మ పాపను అందించగానే చుట్టి, ముందు తల తుడిచి, టోపీ పెట్టి, పాలు పట్టండి.