సెలైన్ సీసాతో నీరసం పోదమ్మా, ముందు రక్తపరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 43. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఏడాదిగా పగలంతా ఒకటే నీరసం. మధ్యాహ్నం అన్నం తినగానే ఒళ్లు తూలిపోతుంది, మేడ మెట్లెక్కితే ఆయాసం. మా ఊరి ఆర్‌ఎంపీ గారు నెలకోసారి సెలైన్‌లో బలం ఇంజెక్షన్ కలిపి పెడుతున్నారు, రెండు రోజులు బాగానే ఉంటుంది. నెలసరి ఎనిమిది రోజులు అవుతోంది, వయసు వల్లే అంటున్నారు. ఈ మధ్య బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం నమలడం అలవాటైంది. ఓపిక రావడానికి మంచి టానిక్ ఏదైనా చెప్పండి.

సలహా: అమ్మా, టానిక్ సంగతి తర్వాత. మీరు చివర్లో మాటవరసకు రాసిన రెండు విషయాలే నన్ను కంగారు పెట్టాయి, ఎనిమిది రోజుల నెలసరి, పచ్చి బియ్యం. బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం చాలామందిలో ఐరన్ తగ్గిందనడానికి గుర్తు. దానికి ఆయాసం కూడా తోడైందంటే మీకు రక్తం బాగా తగ్గిందేమోనని నా అనుమానం. మిమ్మల్ని చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, ఏడాది పాటు ఒక్క పరీక్ష కూడా లేకుండా ఎలా ఊరుకున్నారమ్మా?

ఇక ఆ సీసా. అర లీటరు 5 శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. మామూలు సెలైన్ అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు. రక్తం పట్టించేది అందులో ఏమీ లేదు. వాంతులు, విరేచనాలతో నీరసించినవాళ్లకు అదే ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ ఊడ్పుల రోజులొస్తే చాలు ఒంట్లో ఓపిక లేదంటూ వరసపెట్టి సీసాలు పెట్టించుకుంటున్నారు, అదే నా బాధ. రక్తం మరీ తగ్గినప్పుడు గుండె అప్పటికే అవస్థ పడుతుంటుంది, గబగబా సీసా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. దయచేసి ఇంక పెట్టించుకోకండి.

ఈ వారంలోనే సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్, బీ12 విటమిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ మీ పీహెచ్‌సీలోనే చూస్తారు. ఆడవాళ్లకు 12 ఉండాలి, 8 లోపు ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. నెలసరి సంగతి గైనకాలజిస్టుకు చూపించి స్కానింగ్ చేయించండి. ఎవరైనా వెంటనే గర్భసంచి తీసేయాలంటే మాత్రం మరో డాక్టర్‌ని కూడా అడగండి, చాలామందికి మందులతోనే అదుపులోకి వస్తుంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొన్న బిళ్లలు వాడుతుంటే అదీ చెప్పండి, కడుపులో పుండుపడి లోలోపల రక్తం పోతూ ఉండొచ్చు. చెప్పుల్లేకుండా తోటల్లో తిరిగేవాళ్లకు కొంకి పురుగులు కూడా ఒక కారణం.

ఐరన్ తక్కువని తేలితే డాక్టర్ రాసిన మాత్ర వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయకండి. మాత్ర వేసుకోకముందే తారులా నల్లగా అవుతుంటే మాత్రం అది వేరే సంగతి, అదే రోజు చూపించుకోవాలి. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర దాంతోపాటు వద్దు, కనీసం రెండు గంటల తేడా ఉంచండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, చేపలు, కార్జం తినేవారైతే ఇంకా మంచిది. ఖర్జూరం, బెల్లం తినొచ్చు గానీ ఇంత తగ్గిన రక్తాన్ని అవి నింపలేవు.

రిపోర్టులన్నీ బాగుంటే అప్పుడు నిద్ర గురించి చూడాలి. గురక ఉందా, మనసు దిగులుగా ఉంటోందా అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడండి.

మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్లీ హిమోగ్లోబిన్ చూపించండి. అది మామూలుకొచ్చాక కూడా ఇంకో మూడు నెలలు ఆపకూడదు. ఈలోగా గుండెల్లో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి వస్తే నా జవాబు కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.